రోజూ నడుస్తున్నారు సరే, ఒంటికాలి మీద నిలబడగలరా?

అరవై దాటినవాళ్లను వ్యాయామం ఏం చేస్తున్నారని అడగండి, ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే, "రోజూ నడుస్తున్నానండీ". గుండెకు మంచిది, షుగరుకు మంచిది, నిద్రకూ మనసుకూ మంచిది, నడక మీద నాకే ఫిర్యాదూ లేదు. అయితే నడుస్తున్నాం కాబట్టి ఇక పడిపోం అనే ధీమా ఒకటి దాని వెంటే వచ్చేస్తుంది చూడండి, చిక్కంతా అక్కడే. ఏళ్ల తరబడి పొద్దున్నే గంటసేపు నడిచే మనిషి ఇంట్లో డోర్‌మ్యాట్ అంచు కాలికి తగిలి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, అంత ఆరోగ్యంగా ఉండే మనిషికి ఇదేంటని అందరూ ఆశ్చర్యపోతారు. ఆ మనిషి కాళ్లకు నడవడం బాగా వచ్చు. తూలినప్పుడు నిలదొక్కుకోవడం మాత్రం ఎన్నో ఏళ్లుగా ఎవరూ వాటిని అడగలేదు.

పడిపోవడం చిన్న విషయమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు అయ్యే గాయాలతో పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే, అందులోనూ 60 పైబడినవాళ్లే ఎక్కువ. 65 దాటినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరు ఏడాదికి ఒక్కసారైనా పడతారు, ఒకసారి పడ్డవాళ్లు మళ్లీ పడే అవకాశం రెట్టింపవుతుంది.

మరి వ్యాయామంతో ఇది తగ్గుతుందా అంటే, తగ్గుతుంది, ఈ విషయంలో ఆధారాలు గట్టివే. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కొక్రేన్ బృందం 2019లో 25 దేశాల్లో జరిగిన 108 ప్రయోగాలను, అంటే 23,407 మంది వివరాలను ఒకచోట పెట్టి చూసింది. వ్యాయామం చేసినవాళ్లలో పడిపోవడాలు 23 శాతం తగ్గాయి. బ్యాలెన్స్ వ్యాయామాలు, కూర్చుని లేవడం లాంటి రోజువారీ కదలికల సాధన చేసినవాళ్లలో 24 శాతం, వాటికి కండరాల బలం పెంచేవి కూడా కలిపిన చోట 34 శాతం దాకా తగ్గినట్టు కనిపించింది. తాయ్ చీ (నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామం) అయితే 19 శాతం. నడక ఒక్కటే చేయించిన కార్యక్రమాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, తగ్గిందో లేదో తేల్చి చెప్పలేమన్నారు.

ఎందుకలా? నడవడం కూడా కాళ్ల మీద చేసే పనే కదా? ఇది అర్థం కావాలంటే అసలు మనం ఎలా నిలబడుతున్నామో కాస్త చూడాలి.

నిలబడటం అంత తేలికేం కాదు

ఇంట్లో ఎవరినైనా చెప్పుల్లేకుండా, ఒక చెయ్యి గోడకు ఆనించి, ఒక కాలు నేలకు రెండంగుళాలు ఎత్తి నిలబడమనండి. మీరు మొహం చూడొద్దు, కింద ఉన్న పాదాన్ని చూడండి. చీలమండ ముందు వైపు స్నాయువులు ఒకదాని వెంట ఒకటి బిగుసుకుని పైకి తేలుతాయి, మళ్లీ అణిగిపోతాయి. బొటనవేలు నేలను నొక్కుతుంది, వదిలేస్తుంది, మళ్లీ నొక్కుతుంది. బరువు కాసేపు పాదం లోపలి అంచు మీదికి, అంతలోనే బయటి అంచు మీదికి జరుగుతుంది. పైనుంచి చూసేవాళ్లకు మనిషి నిశ్చలంగా ఉన్నట్టే ఉంటుంది, కింద మాత్రం క్షణం తీరిక లేకుండా పని నడుస్తుంటుంది. రెండు కాళ్ల మీద నిలబడ్డప్పుడూ ఇదే జరుగుతుంది, కాకపోతే అంత స్పష్టంగా కనబడదు. సైకిల్ తొక్కేవాడు హ్యాండిల్‌ని అటూ ఇటూ సర్దుకుంటూ ఉన్నట్టే ఒళ్లు ఎప్పటికప్పుడు కాస్త ఒరగడం, సర్దుకోవడం, మళ్లీ ఒరగడం, ఇదే బ్యాలెన్స్.

ఈ సర్దుబాటుకు కావలసిన సమాచారం మూడు చోట్ల నుంచి వస్తుంది. కళ్లు సరే. రెండోది లోపలి చెవి. వినికిడితో పని లేని భాగం ఒకటి అందులో ఉంది, మూడు సన్నటి అర్ధవృత్తాకారపు గొట్టాలు, వాటిలో ద్రవం. తల తిప్పినప్పుడు ఆ ద్రవం కాస్త వెనకబడుతుంది, ఆ తేడాను అక్కడి కణాలు పసిగడతాయి. పక్కనే ఉన్న రెండు చిన్న సంచుల్లో మెత్తటి పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పరచుకుని ఉంటాయి, తల ఎటు వంగింది, ఒళ్లు ముందుకు కదిలిందా పైకి లేచిందా అన్నది చెప్పేవి అవి. (ఈ చెవి సంగతుల మీద పనిచేసినందుకే రాబర్ట్ బరానీ అనే వైద్యుడికి 1914లో నోబెల్ బహుమతి వచ్చింది.) మూడోది మనం అస్సలు పట్టించుకోనిది: అరికాళ్ల కింద ఒత్తిడిని గుర్తించే నరాల చివరలు, చీలమండ, మోకాలు, తుంటి, మెడ చుట్టూ కండరాల్లో ఉండే సెన్సర్లు. కళ్లు మూసుకున్నా మీ మోకాలు వంగి ఉందో చాచి ఉందో మీకు తెలుస్తుంది కదా, అదే ఇది.

ఈ మూడూ చెప్పేది మెదడు వింటుంది, ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలో క్షణక్షణం తేల్చుకుంటుంది. స్టేషన్లో ఆగి ఉన్న రైల్లో మీరు కూర్చుని ఉండగా పక్క రైలు కదిలితే మనదే కదిలిందని ఒక్క క్షణం భ్రమపడతాం, అప్పుడు కళ్ల మాట నెగ్గింది. మరుక్షణం చెవీ, కుర్చీకి ఆనుకున్న ఒళ్లూ "అబ్బే, కదల్లేదు" అంటే మెదడు దిద్దుకుంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో మోరిట్జ్ రోంబెర్గ్ అనే జర్మన్ వైద్యుడు గమనించింది కూడా ఇలాంటిదే. కాళ్లలో స్పర్శజ్ఞానం దెబ్బతిన్న రోగులు కళ్లు తెరిచి బాగానే నిలబడతారు, కళ్లు మూసుకోమంటే ఊగిపోతారు. కాళ్ల నుంచి రావలసిన సమాచారం రాక, అంతదాకా కళ్లతోనే నెట్టుకొచ్చారన్నమాట. ఇప్పటికీ నరాల డాక్టర్లు పాదాలు దగ్గర పెట్టి కళ్లు మూసుకోమని చేసే పరీక్ష ఆయన పేరుతోనే ఉంది.

వయసుతో జరిగేది ఇదే, నెమ్మదిగా. కంటికి వెలుగు నుంచి చీకటికి అలవాటు పడటం ఆలస్యమవుతుంది, మెట్టు అంచు నేలలో కలిసిపోయినట్టు కనబడుతుంది. లోపలి చెవిలో కణాలు తగ్గుతాయి. అరికాళ్లు కాస్త మొద్దుబారతాయి, షుగరు ఎక్కువకాలంగా ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువగా. కండరాల్లో కూడా చురుగ్గా బిగుసుకునే పోగులే ముందు తగ్గిపోతాయి, నిదానంగా పనిచేసేవి ఎక్కువకాలం నిలుస్తాయి, అందుకే మెల్లగా ఎంత దూరమైనా నడవగలిగినవాళ్లు కూడా కాలు చటుక్కున ముందుకు వెయ్యాల్సి వస్తే ఇబ్బంది పడతారు. వీటిలో ఏ ఒక్కటీ జబ్బని చెప్పడానికి లేదు, విడివిడిగా పరీక్షిస్తే అన్నీ "వయసుకు తగ్గట్టే ఉన్నాయి" అంటారు. అన్నీ కలిసి ఒకే క్షణంలో పనిపడ్డప్పుడు బయటపడుతుంది తేడా. పైగా చాలామంది తమకు తెలియకుండానే కళ్ల మీద ఆధారపడటం పెంచుకుంటారు, పగలంతా బాగానే తిరిగినవాళ్లు అర్ధరాత్రి లైటు వెయ్యకుండా బాత్రూంకి బయల్దేరి తూలేది అందుకే.

తూలిన ఆ ఒక్క క్షణంలో

డోర్‌మ్యాట్ అంచుకు బొటనవేలు తగిలింది అనుకుందాం. కాలు అక్కడే ఆగిపోయింది, ఒళ్లు మాత్రం ముందుకు వెళుతూనే ఉంది. నిండా ఒక సెకను కూడా లేదు. ఈలోగా రెండో కాలు నేల వదిలి, మామూలు అడుగుకన్నా పొడుగ్గా, ఒంటికి ముందుగా వెళ్లి పడాలి. పడ్డాక తొడ కండరం మొత్తం బరువును ఆపి పట్టాలి, లేకపోతే మోకాలు మడత పడుతుంది. నడుము ముందుకు వాలిపోకుండా వీపు కండరాలు వెనక్కి లాగాలి. చేతులు దేన్నైనా పట్టుకోవడానికి వెతకాలి. ఇవన్నీ ఆలోచించి చేసేవి కావు, ఆలోచించేలోపే నేల మీద ఉంటాం.

చిన్న ఊగుడయితే చీలమండే సర్దేస్తుంది. కాస్త పెద్దదైతే నడుము దగ్గర వంగి తుంటితో ఆపుకుంటాం. అదీ చాలకపోతే అడుగు వేయాలి. ఒళ్లు వాడే ఈ మూడు పద్ధతుల్లో సమతలంగా ఉన్న నేల మీద, తెలిసిన దారిలో, తిన్నగా ముందుకు నడిచేటప్పుడు మొదటిది తప్ప మిగతావాటికి పెద్దగా పనుండదు. పక్కకు అడుగు వేయడం లేదు, వెనక్కి వేయడం లేదు, చటుక్కున దిశ మార్చడం లేదు. ఒళ్లు ఏది అడిగితే అదే నేర్చుకుంటుంది, అడగనిది మర్చిపోతుంది. నడక బ్యాలెన్స్‌ని పెద్దగా పెంచకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి బ్యాలెన్స్ వ్యాయామం అని ఎవరేం చెప్పినా నేను ఒక్కటే చూస్తాను, అందులో ఒళ్లు కాస్తయినా ఊగుతోందా? ఊగకపోతే అది ఆ మనిషికి బ్యాలెన్స్ వ్యాయామం కాదు, ఎంత చెమట పట్టినా సరే. ఊగుతున్నప్పుడు పట్టుకోవడానికి చేతికి ఏమీ అందకపోతే అది వ్యాయామమే కాదు, మొండితనం. కుర్చీలో కూర్చుని చేతులూ కాళ్లూ ఆడించేవాటిని కూడా బ్యాలెన్స్ పేరుతో చూపిస్తుంటారు, బొత్తిగా లేవలేనివాళ్లకు అవి మొదటి మెట్టుగా పనికొస్తాయి గానీ, ఇంట్లో తిరుగుతున్నవాళ్లు అక్కడే ఆగిపోతే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ముందు ఎక్కడున్నారో చూసుకోండి

ఫిజియోథెరపిస్టులు వాడే తేలికైన పరీక్ష ఒకటుంది, నాలుగు మెట్లుగా. వంటింటి గట్టు పక్కనో గోడ మూలలోనో నిలబడి, పక్కన ఇంకొకరు ఉండగా చేయండి. మొదట రెండు పాదాలూ పక్కపక్కన ఆనించి 10 సెకన్లు. తర్వాత ఒక పాదాన్ని సగం ముందుకు జరిపి, దాని మడమ రెండో పాదం బొటనవేలి పక్కకు కాస్త వెనగ్గా ఉండేలా 10 సెకన్లు. మూడోది ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా ఒకే గీత మీద. చివరిది ఒంటికాలి మీద. మూడోదాన్ని 10 సెకన్లు ఏమీ పట్టుకోకుండా నిలపలేకపోతే పడే ముప్పు ఎక్కువగా ఉన్నట్టు లెక్క. నిలపలేకపోయారని కంగారేం వద్దు, మీ సాధన ఎక్కడ మొదలవ్వాలో ఆ పరీక్షే చెప్పేసింది.

ఒంటికాలి సంగతి ఈమధ్య చాలా ప్రచారంలోకి వచ్చింది, దానికి కారణం 2022లో వచ్చిన ఒక బ్రెజిల్ పరిశోధన. 51 నుంచి 75 ఏళ్ల వయసున్న 1,702 మందిని 10 సెకన్లు ఒంటికాలి మీద నిలబడమన్నారు. అయిదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. వయసు, బరువు, ఉన్న జబ్బులు అన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా నిలబడలేకపోయినవాళ్లలో తర్వాతి ఏళ్లలో చనిపోయే ముప్పు 84 శాతం ఎక్కువగా కనిపించింది. దీన్ని పట్టుకుని "ఒంటికాలి మీద నిలబడితే ఆయుష్షు పెరుగుతుంది" అని తిప్పి చెప్పేవాళ్లు బయల్దేరారు. అది తప్పు. ఒంటికాలి మీద నిలబడాలంటే నరాలు, కండరాలు, కీళ్లు, చెవి, మెదడు అన్నీ సవ్యంగా ఉండాలి, అందులో ఏది చెడినా ఈ పరీక్షలో బయటపడుతుంది, అంతే ఆ పరిశోధన చెప్పింది. సాధన వల్ల పడిపోవడం తగ్గుతుందన్నది వేరే ప్రయోగాల్లో తేలిన వేరే సంగతి. మనకు కావలసింది అది.

ఏం చేయాలి, ఎంత చేయాలి

నా వరకు అన్నిటికన్నా ముందు పెట్టేది కుర్చీలోంచి లేచి కూర్చోవడం. చక్రాల్లేని, బరువైన, చేతులున్న కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. ముందు అంచుకు జరిగి, పాదాలు మోకాళ్లకన్నా కాస్త వెనక్కి పెట్టి, ముక్కు మునివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవండి. లేవలేనివాళ్లలో చాలామంది ఈ ముందుకు వంగడం దగ్గరే తప్పు చేస్తారు, నిటారుగా కూర్చుని పైకి లేవబోతే ఎంత బలమున్నా కష్టమే. మొదట చేతులు నొక్కి లేచినా పర్లేదు, తర్వాత ఒక చెయ్యి, తర్వాత చేతులు ఛాతీ మీద. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకుండా మెల్లగా దిగండి, తూలినప్పుడు మనల్ని ఆపి పట్టే తొడ కండరానికి అసలు శిక్షణ ఆ దిగడంలోనే ఉంది. ఇబ్బంది లేకుండా పది చేయగలిగాక, లేచేటప్పుడు వేగం పెంచండి, దిగేటప్పుడు మాత్రం పెంచొద్దు.

రెండోది గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, దిగడం, తర్వాత మడమల మీద నిలబడి వేళ్లు పైకెత్తడం. పిక్కలకూ చీలమండకూ ఇవి రెండూ చాలు, ఇందులో చెప్పడానికి ఇంకేం లేదు.

ఆ తర్వాత పాదాల ఆధారం తగ్గించుకుంటూ పోవడం. పైన చెప్పిన నాలుగు మెట్ల పరీక్షనే సాధనగా మార్చుకోవచ్చు, మీకు కాస్త కష్టంగా ఉన్న మెట్టు దగ్గర నిలబడండి. ఇక్కడ చేతుల లెక్క ముఖ్యం. ముందు రెండు చేతులు, తర్వాత ఒక చెయ్యి, తర్వాత రెండు వేళ్లు, తర్వాత ఒక్క వేలు, ఆ తర్వాత చేతులు గట్టుకు అంగుళం పైన గాల్లో. వేలు ఊరికే తగిలించినా ఒళ్లు ఊగడం చాలా తగ్గిపోతుంది, ఎందుకంటే ఆ వేలు బరువు మొయ్యకపోయినా ఒళ్లు ఎటు ఒరుగుతోందో మెదడుకు కబురు పంపుతుంది. అందుకని ఒక్క వేలు తీసెయ్యడం కూడా పెద్ద అడుగే. అది తేలికైపోతే, అదే భంగిమలో తల మెల్లగా అటూ ఇటూ తిప్పండి. లోపలి చెవికి పని పడుతుంది. కళ్లు మూసుకుని చేయడం మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు వద్దు.

ఇక కదులుతూ చేసేవి. గట్టు వెంబడి పక్కకు అడుగులు వేస్తూ వెళ్లడం, మళ్లీ వెనక్కి రావడం. చాలామంది దీన్ని చులకనగా చూస్తారు, నేను మాత్రం నడకకన్నా ఎక్కువ విలువిస్తాను. తుంటి విరగడానికి ఎక్కువగా కారణం పక్కకు పడటమే, పక్కకు పడకుండా ఆపేవి తుంటి బయటి వైపు కండరాలు, తిన్నగా నడిచేటప్పుడు వాటికి పక్కకు అడుగు వేసే పని పడదు. తర్వాత గీత మీద నడిచినట్టు మడమకు వేళ్లు తగిలిస్తూ నడవడం, ఆ తర్వాత వెనక్కి నడవడం, ఇది తప్పకుండా ఏదో ఒకటి పట్టుకునే. దారిలో చిన్న దిండో పుస్తకమో ఉందనుకుని కాలెత్తి దాటడం కూడా మంచిదే, నిజంగా మాత్రం పెట్టకండి.

ఎంతసేపు అంటే, 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచన, 65 పైబడినవాళ్లు వారానికి కనీసం మూడు రోజులు బ్యాలెన్స్‌కీ బలానికీ ప్రాధాన్యమిచ్చే వ్యాయామం చేయాలని. బ్యాలెన్స్‌ని గట్టిగా పరీక్షించే వ్యాయామాలు వారానికి మూడు గంటలకు మించి చేయించిన కార్యక్రమాల్లో పడిపోవడం 39 శాతం దాకా తగ్గింది. మూడు గంటలంటే రోజుకు పాతిక నిమిషాల పైచిలుకు, అదీ ఒక్కసారి కూర్చుని చేయనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు పైబడి అంతకు ముందే పడినవాళ్లతో చేసిన ఒక ప్రయోగంలో, 2012లో వచ్చింది, విడిగా వ్యాయామం కోసం టైమే కేటాయించలేదు. గిన్నెలు సర్దేటప్పుడు ఒకే గీత మీద పాదాలు పెట్టి నిలబడటం, కింది అరలో వస్తువు తీయడానికి నడుముకు బదులు మోకాళ్లు వంచడం, ఇలా రోజూ చేసే పనుల్లోకే సాధనను జొప్పించారు. పడిపోవడం 31 శాతం తగ్గింది. "నాకు టైం లేదు" అనేవాళ్లకూ, "వ్యాయామమంటే విసుగు" అనేవాళ్లకూ ఇది బాగా నప్పుతుంది.

పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడమని అందరూ చెబుతుంటారు, ఆ సలహా అంటే నాకు కాస్త భయం. ఆలోచన మంచిదే, చోటు తప్పు. తడి నేల, సబ్బు నురగ, తల తగలడానికి చుట్టూ గట్టి అంచులు. పొయ్యి మీద పాలు కాగేదాకా, ఫోన్లో మాట్లాడేదాకా, పొడి నేల మీద గట్టు పక్కన నిలబడి చేసుకోవచ్చు కదా. కాళ్లకు సాక్సు మాత్రం వద్దు, వట్టి కాళ్లయినా ఉండాలి, మడమ వదులు లేని చెప్పులైనా ఉండాలి.

ఫోన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1997లో స్వీడన్ పరిశోధకులు వృద్ధాశ్రమంలో ఉంటున్నవాళ్లను గమనించి ఒక చిన్న సంగతి రాశారు. నడుస్తుండగా పలకరిస్తే కొందరు జవాబు చెప్పడానికి నడక ఆపేస్తారు, ఆ తర్వాత ఆరు నెలల్లో ఎక్కువగా పడింది అలా ఆగినవాళ్లే. నిలబడటానికీ నడవడానికీ మెదడు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సి వస్తోందంటే మాటకు మిగిలేది తక్కువ. అందుకే ఏ భంగిమైనా బాగా వచ్చాక నోటితో వంద నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టడమో, పక్కవాళ్లతో కబుర్లు చెప్పడమో కలపండి. ఇంకాస్త ఊగుతారు, ఊగాలి కూడా.

ఇంత వయసులో కొత్తగా ఏం నేర్చుకుంటాంలే అనుకునేవాళ్లకు న్యూజీలాండ్ అనుభవం చెప్పాలి. అక్కడి ఒటాగో విశ్వవిద్యాలయం 1990ల్లో ఇంటి దగ్గర చేసుకునే వ్యాయామాలను తయారుచేసి మొట్టమొదట పరీక్షించింది 80 దాటిన మహిళల మీద. తర్వాతి ప్రయోగాలు కూడా కలిపి చూస్తే పడిపోవడం సుమారు 35 శాతం తగ్గింది. మొదట్లో కనిపించే మెరుగుదల ఎక్కువగా మెదడూ నరాలూ నేర్చుకున్నది, కండ పెరగడానికి ఇంకా టైం పడుతుంది, కాబట్టి కాళ్లు లావెక్కలేదని నిరుత్సాహపడక్కర్లేదు.

భయం, మందులు, మిగతావి

పడిపోతామన్న భయం గురించి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే అది పడటానికి తానే ఒక కారణమవుతుంది. భయపడ్డ మనిషి ఒళ్లు బిగబట్టుకుంటాడు, చిన్నచిన్న అడుగులు వేస్తాడు, చూపు పాదాల దగ్గరే ఉంటుంది, బయటికి వెళ్లడం తగ్గిస్తాడు. కదలిక తగ్గిన కొద్దీ కాళ్లు నీరసిస్తాయి, ఈసారి నిజంగానే పడతాడు. ఇందులో ఇంట్లోవాళ్ల పాత్ర కూడా తక్కువేం కాదు. "నువ్వు లేవకు నాన్నా, నేను తెస్తాలే", "అమ్మా, మెట్లెక్కకు" అంటూ ప్రేమతోనే ప్రతి పనీ చేతికందిస్తే, రోజుకు పాతికసార్లు లేచే మనిషి అయిదుసార్లు లేస్తాడు. మంచినీళ్లు తెచ్చివ్వడం కన్నా, ఆయన వెళ్లి తెచ్చుకునే దారిలో వైర్లు, డోర్‌మ్యాట్లు తీసేసి లైటు వేసి పెట్టడం మేలు.

వ్యాయామం తీర్చలేనివీ ఉన్నాయి. పడుకుని లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మితే అది కాళ్ల సమస్య కాకపోవచ్చు. లేచిన మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 పాయింట్లు, లేదా కింది బీపీ 10 పాయింట్లు పడిపోతోందేమో కొలిపించాలి, చాలాసార్లు వాడుతున్న మందుల్లోనే కారణం దొరుకుతుంది. నిద్రమాత్రలు, టెన్షన్ తగ్గించే మాత్రలు బ్యాలెన్స్‌ని బాగా దెబ్బతీస్తాయి, అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, మందుల చీటీ మొత్తం డాక్టరుకి చూపించి ఇందులో పడిపోయేలా చేసేది ఏదైనా ఉందా అని సూటిగా అడగండి. మంచం మీద పక్కకు ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగినట్టుంటే, ఇందాక చెప్పిన చెవిలోని స్ఫటికాలు జారి గొట్టాల్లోకి వెళ్లాయేమో, దానికి తలను ఒక వరసలో తిప్పే చికిత్స ఉంది, అది చేయడం తెలిసిన డాక్టరు చేస్తే చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గుతుంది. దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో ఉండే కళ్లజోడుతో మెట్లు దిగడం ఇంకో ముప్పు, కిందికి చూస్తే దగ్గరి చూపు భాగంలోంచి మెట్టు మసగ్గా కనిపిస్తుంది. బయట ఎక్కువగా తిరిగేవాళ్లు దూరం చూపుకి విడిగా ఒక జోడు పెట్టుకోవడం మంచిది. ఏ కారణమూ లేకుండా పడినా, స్పృహ తప్పి పడినా, హఠాత్తుగా ఒక వైపు కాలో చెయ్యో చచ్చుబడినా వ్యాయామాల జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏడాదిలో రెండుసార్లు పడినవాళ్లు, పక్షవాతం వచ్చి తగ్గినవాళ్లు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు, ఎముకలు గుల్లబారి ఇప్పటికే ఎక్కడైనా విరిగినవాళ్లు మొదటి కొన్ని వారాలు ఫిజియోథెరపిస్టు ముందు చేయడం మంచిది. ఊతకర్ర వాడేవాళ్లు నామోషీ పడి దాన్ని పక్కన పడేయకండి, సాధన చేసేటప్పుడు గట్టు దగ్గర, నడిచేటప్పుడు కర్రతో.

అన్నీ చేసినా ఎప్పుడో ఒకసారి పడొచ్చు. అందుకని లేవడం కూడా సాధన చేయాలని నా అభిప్రాయం, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడు, మోకాళ్లు సహకరిస్తే. పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ల మీద కుర్చీ దాకా పాకి, చేతులు కుర్చీ మీద పెట్టి, బలమున్న కాలి పాదాన్ని ముందుకు తెచ్చి, నొక్కి లేచి కూర్చోవాలి. దెబ్బ తగలకపోయినా లేవడం చేతకాక గంటల తరబడి నేల మీదే ఉండిపోయినవాళ్ల పరిస్థితి చాలా పాడవుతుంది. తుంటిలో విపరీతమైన నొప్పి ఉంటే మాత్రం లేవబోకుండా ఎవరినైనా పిలవాలి, ఒంటరిగా ఉండేవాళ్లు ఫోన్ జేబులోనే పెట్టుకోవడం అందుకే.

ఇక సాధన ఆపేస్తే వచ్చింది నిలుస్తుందా అంటే, నిలవదు. ఆపిన కొద్దీ తగ్గుతూ పోతుంది. జ్వరమో ఆపరేషనో వచ్చి రెండు వారాలు మంచం మీద ఉన్నారనుకోండి, లేచాక ఆపిన చోటి నుంచి మొదలుపెట్టకండి. గట్టు దగ్గర రెండు చేతులతో పట్టుకుని, పాదాలు పక్కపక్కన పెట్టి, మొదటి మెట్టు నుంచి. ఈసారి ఒక్క వేలి దాకా రావడానికి మొదటిసారి పట్టినంత టైం మామూలుగా పట్టదు.